దక్షిణం మొహం ఇల్లు

వెర్నా మొగుడు క్లైవ్ వాళ్ళ తాత ఎనాక్ చేసిన ఘనకార్యం చెప్పకుండా ఆమె ఇంటి సంగతి చెప్పడం కుదరదు. ఆ మహానుభావుడు ఇంగ్లండులో ఎక్కడో ఓడెక్కి, టాస్మానియాలో దిగి, హ్యువాన్ నది గట్టున పాతిక ఎకరాలు కొని, యాపిల్ మొక్కలు పాతి, ఇల్లు కట్టాడు. వాళ్ళ ఊళ్ళో ఇళ్ళన్నీ దక్షిణం చూసేవి, ఎందుకంటే అక్కడ సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు. ఇక్కడ ఉత్తరంగా నడుస్తాడని ఆయనకి ఎవరూ చెప్పలేదు, ఆయనా తలెత్తి చూసుకోలేదు. వంటిల్లూ ముందుగదీ దక్షిణానికి పెట్టాడు. బట్టలుతికే కొట్టం, కట్టెల కొట్టం, మరుగుదొడ్డి ఉత్తరానికి పెట్టాడు. మొదటి చలికాలం వచ్చి పళ్ళు టకటకా కొట్టుకున్నాక గానీ సంగతి తెలియలేదు. అప్పటికే పొగగొట్టంతో సహా ఇల్లంతా లేచింది. "పర్వాలేదులే" అన్నాడట. ఆ తర్వాత మూడు తరాలపాటు ఆ ఇంట్లో మరుగుదొడ్డికి ఎండ కాచింది, మనుషులు వణికారు.

వెర్నా ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికి ఆమెకి ఇరవై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు డెబ్బై దాటాయి. ముప్పై పంటలపాటు కోల్డ్ స్టోరేజీ పక్కన నిలబడి యాపిల్ పళ్ళు ఏరి పెట్టెల్లో సర్దిన చేతులు ఆమెవి. జూన్ నెల, అంటే అక్కడి చలికాలం, వచ్చిందంటే వేళ్ళు పాలిపోయి మొద్దుబారిపోతాయి. కత్తి పట్టుకుంటే జారిపోతుంది, సీసా మూత తిప్పాలంటే ప్రాణం పోతుంది. పొద్దున తొమ్మిదింటికి ఆ ఉతికే కొట్టం గుమ్మంలో, తడి బకెట్ల మధ్య నిలబడి, చేతులు ఎండలోకి చాపితే, అరగంటకి వేళ్ళు మళ్ళీ ఆమె మాట వినేవి. అప్పుడు వెనక్కి ఆ చీకటి వంటింట్లోకి పోయి పని మొదలుపెట్టేది. రోజూ ఇదే తంతు.

"ఎప్పుడైనా ఇంకో ఇల్లంటూ కడితే, నాకు వంటింట్లో ఎండ కావాలి. ఇంకేం అడగను," అని పెళ్ళయిన మొదటి చలికాలమే మొగుడితో అంది.

"తోట అమ్మిన రోజున నీ ఎండ నీకు అప్పజెప్తా ముసలమ్మా," అన్నాడు క్లైవ్. అప్పటికి ఆమె ముసలమ్మేం కాదు. ముద్దుకి అలా పిలిచేవాడు.

ఆమె ఆ మాట దాచుకుంది. ఇంకోసారి అడగలేదు. అడిగే మనిషి కాదు. ఆ హ్యువాన్ లోయలో ఎవరూ అడగరు. అక్కడ వడగళ్ళు పడి పంటంతా మచ్చలైపోతే "పర్వాలేదు" అంటారు. పళ్ళ డాక్టరు మత్తు సరిగ్గా ఎక్కకుండానే పన్ను పీకితే "పర్వాలేదు" అంటారు. నిజంగా పర్వాలేనప్పుడు అసలేమీ అనరు, తలూపి ఊరుకుంటారు. నోరు తెరిచి "పర్వాలేదు" అన్నారంటే గుండెలో ఎక్కడో తెగిందని అర్థం. బయటివాళ్ళకి ఇది తెలియదు. ఇంట్లోవాళ్ళకి తెలియకుండా ఎలా ఉంటుంది?

క్లైవ్‌కి బాగా తెలుసు. ఓ ఏడు పాత సామాన్ల వేలంలో, ఆమెతో ఒక్క మాటైనా చెప్పకుండా, వెర్నా వాళ్ళమ్మ ఇచ్చిన కుట్టుమిషన్ని తుప్పు పట్టిన నాగళ్ళతో కలిపి అమ్మేశాడు. "పర్వాలేదు," అంది వెర్నా. పదకొండు రోజులు ఇంట్లో చప్పుడు లేదు. పూటపూటకీ చల్లారిన మాంసం ముక్క కంచంలో పడేది, అంతే. పన్నెండో రోజున అతనే హోబార్ట్ పట్నం దాకా పోయి, కొన్నవాడి కాళ్ళావేళ్ళా పడి, మిషన్ వెనక్కి తెచ్చాడు. దాన్ని దించుతూ, "ఈసారి నువ్వు పర్వాలేదంటే నేను ఇంట్లోంచి పారిపోతానే," అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇన్నేళ్ళకి తోట అమ్ముడుపోయింది. దాన్ని కొన్న చెర్రీ కంపెనీవాళ్ళు పాత ఇల్లు నేలమట్టం చేసుకుంటామన్నారు. పైన దిబ్బ మీద రెండెకరాలు క్లైవ్ అట్టిపెట్టుకున్నాడు. ఉత్తరాన రోడ్డు, దక్షిణాన కింద నది. చుట్టూ చెట్టూ పుట్టా అడ్డం లేదు. పొద్దు పొడిచింది మొదలు గుంకేదాకా ఎండే ఎండ.

వెర్నా పొంగిపోయింది. ఆ చలికాలం ఓ రోజు వంటింటి కుర్చీ ఒకటి పైకి మోసుకుపోయి, ఫ్లాస్కు నిండా టీ పోసుకుని, రోజంతా దిబ్బ మీదే కూర్చుంది. తొమ్మిదింటికి ఎండ ఎక్కడ పడుతోందో, మూడింటికి ఎక్కడికి జరిగిందో చూసుకుంది. దిబ్బకి ఉత్తరం వైపున చదునుగా ఉన్నచోట నాలుగు యాపిల్ పెట్టెలు నాలుగు మూలలకీ పెట్టి, రాళ్ళు వేసి వచ్చింది.

"ఏంటే అది, బడ్డీకొట్టు పెడుతున్నావా?" అన్నాడు క్లైవ్.

"నా వంటిల్లు," అంది వెర్నా.

ఆర్కిటెక్ట్ పేరు రోవన్ టీగ్. సిడ్నీలో పుట్టి పెరిగి, హోబార్ట్‌లో ఆఫీసు పెట్టుకున్న మనిషి. ముప్పై అయిదేళ్ళుంటాయి. చెడ్డవాడని చెప్పను. వచ్చినప్పుడల్లా బూట్లు గుమ్మం దగ్గర విప్పేవాడు, వెర్నా చేసిన యాపిల్ కేకు రెండు ముక్కలు అడిగి మరీ తినేవాడు. మొదటిరోజే ఇద్దరికీ చెరో తెల్లకాగితం ఇచ్చి, "ఇంట్లో మీకేం కావాలో రాసివ్వండి. ఒకళ్ళది ఒకళ్ళు చూడొద్దు," అన్నాడు.

క్లైవ్ అటూ ఇటూ రెండు వైపులా నింపేశాడు. పడవలు కనపడాలి. మంచం మీంచి కనపడాలి, బల్ల దగ్గర్నించి కనపడాలి, స్నానాల గదిలోంచి కూడా కనపడితే ఇంకా మంచిది. పాపం అతని గోడు అతనిది. నది పక్కన పుట్టి, డెబ్బై నాలుగేళ్ళు చెట్ల వెనకాల బతికాడు. శనివారాలు తెరచాప పడవల పందేలు జరుగుతుంటే మందు కొట్టే ట్రాక్టరు మీద కూర్చుని చప్పట్లు వినేవాడు. ఒక్క పడవైనా కొనలేదు. తోట వదిలితేగా!

వెర్నా ఒక్క ముక్క రాసింది. "వంటింట్లో ఎండ."

రోవన్ అది పైకి చదివాడు. "వెర్నా, ఇన్నేళ్ళుగా నాకు ఇంత మంచి కోరిక ఎవరూ రాసివ్వలేదు. ఈ ఒక్క మాట మీదే ఇల్లంతా కట్టొచ్చు," అన్నాడు. దిబ్బ మీదికి పోయి ఆ నాలుగు పెట్టెల్నీ అటునుంచీ ఇటునుంచీ ఫోటోలు తీసుకున్నాడు. "ఎంత అందంగా ఉన్నాయో!" అన్నాడు. అవి ఎందుకు పెట్టారని అడగలేదు. వెర్నా చెప్పలేదు. పెట్టెలు కనిపిస్తూనే ఉన్నాయిగా, అనుకుంది.

రెండు నెలల తర్వాత ఇంటి నమూనా తెచ్చాడు. అట్టముక్కలతో, సన్నని చెక్కలతో భలే ముచ్చటగా చేశాడు. పాత వంటింట్లో బల్ల మీద పెట్టి, కప్పు ఎత్తి చూపించాడు. నదివైపు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే అద్దం గోడ. దాని వెంబడే పడకగది, కూర్చునే గది, వంటిల్లు. రోడ్డు వైపంతా ఒకటే మూసిన గోడ, దాని వెనక కారు షెడ్డు, బట్టలుతికే గది. కింద నీలం కాగితం నదిలో చిన్న కాగితం పడవ కూడా పెట్టాడు. క్లైవ్ ఆ పడవని వేలితో మెల్లిగా నెట్టాడు. మళ్ళీ నెట్టాడు. ఇక అతన్ని అక్కణ్ణించి కదపడం ఎవరితరం?

వెర్నా కళ్ళజోడు పెట్టుకుని నమూనా చుట్టూ ఓసారి నడిచింది. "ఉత్తరం ఏ వైపు?" అని అడిగింది.

"ఇదిగో, ఇటు. రోడ్డు వైపు," అన్నాడు రోవన్.

"మరి వంటిల్లు అటుందేం? ఎండ?"

"ఎండ గురించే మూడు వారాలు బుర్ర బద్దలు కొట్టుకున్నానండీ. ఇదిగో చూడండి, కప్పు కింద ఉత్తరాన పొడుగాటి సన్న కిటికీ పెట్టాను. పొద్దున ఎండ అందులోంచి వచ్చి పడమటి గోడ మీద బంగారంలా పడుతుంది. ఇక నదివైపు అద్దంలోంచి రోజంతా వెలుగు. కళ్ళలో పొడవదు, నీడలు పడవు. బొమ్మలు గీసేవాళ్ళు ఇలాంటి వెలుగు కోసం పడిచస్తారు."

వెలుగు. ఆమె అడిగింది వెలుగా? వెలుగు కావాలంటే బల్బు వేసుకోదూ? సిడ్నీ మనిషికి ఎండంటే తప్పించుకు తిరగాల్సిన వస్తువు. చల్లబడిన చేతులు చాపుకోవడానికి కూడా ఎండ పనికొస్తుందని అతని ఊహకి అందలేదు. వెర్నాకి గొంతుదాకా వచ్చింది, నా చేతులయ్యా, అని. చేతులు ఏప్రన్ జేబుల్లోకి పోయాయి.

"మీరు చెప్పండి వెర్నా," అన్నాడు రోవన్. "మొహమాటం వద్దు. నచ్చకపోతే ఇప్పుడే, ఇక్కడే, చింపి పొయ్యిలో పడేస్తా. కొత్తగా మొదలుపెడతా. ఒట్టు."

వెర్నా క్లైవ్ వైపు చూసింది. అతను కాగితం పడవ వైపు చూస్తున్నాడు. ఒక్క మాట, ఒకే ఒక్క మాట, 'ముసలమ్మకి ఎండ ఇస్తానని మాటిచ్చానయ్యా' అని అతను అంటే చాలు. ఆమె గడియారం వంక చూసింది, కెటిల్ వంక చూసింది, మళ్ళీ అతని వంక చూసింది.

"పర్వాలేదు," అంది.

"అమ్మయ్య!" అని రోవన్ గుండెల మీద చెయ్యేసుకున్నాడు. సిడ్నీలో పర్వాలేదంటే పర్వాలేదనే. క్లైవ్ తలెత్తలేదు. కానీ అతని చెవులు రెండూ ఎర్రబడ్డాయి. వెర్నా చూసింది.

వసంతానికల్లా ఇంటి చెక్క చట్రం లేచి నిలబడింది. క్లైవ్ చెల్లెలు ఈనిడ్ చూడ్డానికి వచ్చింది. ఆవిడ నోటికి ఆ లోయ కట్టుబాట్లేమీ వర్తించవు. చట్రంలోకి నడిచి, నడుం మీద చేతులు పెట్టుకుని, నది వంక చూసి, వెనక్కి తిరిగి రోడ్డు వంక చూసింది.

"ఓరి దేవుడా, మళ్ళీ దక్షిణం మొహమేనా? మా తాతే నయంరా అన్నయ్యా. ఆయన తెలియక కట్టాడు."

"నది అటుంటే ఇల్లు ఎటు చూడమంటావే?" అన్నాడు క్లైవ్.

"వంటిల్లు ఎవరిదిరా, నదిదా?" అని, వదినని పక్కకి లాక్కుపోయింది. "ఇదిగో వదినా, ఇంకా చెక్కలే లేచాయి. ఇప్పుడన్నా నోరు తెరిచి చెప్పు. షెడ్డు ఇటు, వంటిల్లు అటు, మార్చెయ్యమను. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నువ్వు నోరు మూసుకో ఈనిడ్," అంది వెర్నా. "ఆయనకి తెలుసు. తెలిసినవాడికి ఏం చెప్తాం?"

"తెలిసినవాడికే చెప్పాలే పిచ్చిదానా, తెలియనట్టు నటిస్తుంటే!"

వెర్నా చెప్పలేదు. ఇక్కడే నాకు ఆవిడ మీద ఒళ్ళు మండుతుంది. రోజూ మేస్త్రీలకి టీ మోసింది, కేకులు మోసింది. అద్దాలు బిగిస్తున్నప్పుడు జాగ్రత్త నాయనా అని చెప్పింది. ఆ నాలుగు పెట్టెలు తీసేసి, అక్కడ కారు షెడ్డుకి కాంక్రీటు పోస్తుంటే కూడా గమ్మున నిలబడి చూసింది. క్లైవ్ ఏదో ఒక పూట వచ్చి, తప్పు చేశానే అంటాడని ఆవిడ ఆశ. కుట్టుమిషన్ తెచ్చినట్టు ఎండని కూడా మోసుకొస్తాడని! అతను మాత్రం బైనాక్యులర్స్ కొనుక్కుని తిరిగాడు.

మార్చిలో ఇల్లు మారారు. పాత ఇంటిని ఒక్క పూటలో కూల్చేశారు. ఉతికే కొట్టం చివరికి పడింది.

కొత్తింట్లో మొదటి చలికాలం వచ్చింది. నేల కింద వేడి గొట్టాలున్నాయి, కాళ్ళకి వెచ్చగానే ఉండేది. వంటగట్టు మాత్రం పొడుగాటి నల్లరాయి, పొద్దున్నే ముట్టుకుంటే మంచుగడ్డ. అద్దం అవతల నది, పొగమంచు, పడవలు, అంతా రంగుల బొమ్మలా ఉండేది. రోవన్ చెప్పినట్టే కప్పు కింద కిటికీలోంచి ఎండ వచ్చింది. పడమటి గోడ మీద, తొమ్మిదడుగుల ఎత్తున, బంగారు పట్టీలా పడింది. గంటసేపు అక్కడే ఉండి వెళ్ళిపోయింది. ఓ రోజు వెర్నా కుర్చీ ఎక్కి, చెయ్యి పైకి చాపి చూసింది. వేళ్ళ చివర్లకి కూడా అందలేదు. కుర్చీ మీంచి దిగేటప్పుడు కాలు తడబడింది. గోడ పట్టుకుని నిలబడి, ఎవరూ లేరు కాబట్టి ఏడ్చింది.

మర్నాటి నుంచి ఆవిడ కొత్త అలవాటు మొదలుపెట్టింది. తొమ్మిదింటికి షెడ్డు షట్టర్ పైకెత్తి, పాత ట్రక్కుని బయటికి తీసి మంచులో వదిలేసేది. ఎండ లోపలిదాకా వచ్చి కాంక్రీటు మీద పరుచుకునేది. సరిగ్గా తను పెట్టెలు పెట్టిన చోటు. పాత వంటింటి కుర్చీ అక్కడ వేసుకుని, చేతులు ఒళ్ళో చాపుకుని, వేళ్ళు కదిలాక యాపిల్ పళ్ళు తరిగేది, బఠాణీలు ఒలిచేది, ఉత్తరాలు రాసేది. తరిగినవి గిన్నెలో పెట్టుకుని లోపలికి మోసుకుపోయి వండేది. రోడ్డున పోయేవాళ్ళు చెయ్యూపేవాళ్ళు. క్లైవ్ ఇదంతా చూశాడు. "ట్రక్కు తుప్పు పట్టిపోతుందేమోనే," అన్నాడు, అంతే.

జూలై నెలాఖరున రోవన్ ఫోన్ చేశాడు. ఆ ఏడు మంచి ఇంటికిచ్చే బహుమానానికి వాళ్ళ ఇల్లు చివరి వడపోతదాకా వచ్చిందనీ, తీర్పు చెప్పే ముగ్గురు పెద్దలు చూడ్డానికి వస్తున్నారనీ చెప్పాడు. ఆనందం పట్టలేక గొంతు కీచుమంటోంది. "దరఖాస్తులో మీ పేరు కూడా రాశాను వెర్నా!"

వాళ్ళు వచ్చేసరికి తొమ్మిదిన్నర. క్లైవ్ కోటు వేసుకుని గుమ్మంలో ఎదురెళ్ళాడు. ముగ్గురిలో పెద్దావిడ, ఎర్ర కళ్ళజోడు మనిషి, రోవన్ ఇచ్చిన కాగితం పైకి చదువుతూ వచ్చింది. "ఇంటావిడ అడిగిందల్లా ఒక్కటే, వంటింట్లో ఎండ. ఎంత బావుందీ! ఇంతకీ ఇంటావిడ ఏరీ? వంటింట్లో లేరే?"

వెతుక్కుంటూ షెడ్డులోకి వచ్చారు. వెర్నా కుర్చీలో కూర్చుని యాపిల్ చెక్కు తీస్తోంది. ఒళ్ళో గిన్నె, కాళ్ళ దగ్గర తొక్కల బకెట్, పక్కన ఇంజనాయిల్ డబ్బాలు.

"వెర్నా! ఇక్కడ కూర్చున్నారేంటి?" అన్నాడు రోవన్ నవ్వుతూ.

"ఎండ ఇక్కడుంది బాబూ," అంది వెర్నా.

ఎర్ర కళ్ళజోడావిడ పకపకా నవ్వింది. "భలే చమత్కారి మీరు!" అని, నదివైపు గోడ చూద్దామంటూ తక్కిన ఇద్దర్నీ లోపలికి తీసుకుపోయింది. రోవన్ మాత్రం కదల్లేదు. అతను తెలివితక్కువవాడు కాదు. ఆమె కుర్చీ వంకా, కాంక్రీటు మీద ఎండ వంకా, ఆమె వేళ్ళ వంకా చూశాడు. ఎప్పుడో తీసుకున్న ఆ పెట్టెల ఫోటో అతనికి గుర్తొచ్చినట్టుంది. మొహం పాలిపోయింది.

"మీరు పర్వాలేదన్నారు కదండీ," అన్నాడు నెమ్మదిగా. "చింపేస్తానన్నాను. నిజంగా చింపేసేవాణ్ణి."

"తెలుసు నాయనా. నీ మీద కోపం లేదు." ఒక క్షణం ఆలోచించి, "కొంచెం ఉంది," అంది వెర్నా. "కానీ నువ్వు పైఊరివాడివి, నా మాట నీకెలా తెలుస్తుంది? ఆ రోజు ఆ బల్ల దగ్గర నా మాట తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. ఆయన్నడుగు."

క్లైవ్ లోపలి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఇంట్లోంచి రోవన్ని ఎవరో పిలిచారు. పోలేక పోలేక పోయాడు.

"నీకు తెలుసా, తెలీదా?" అని అడిగింది వెర్నా.

"నోరు తెరిచి వద్దని ఉండొచ్చు కదా! ఎవరు ఆపారు నిన్ను?"

"ఎవరూ ఆపలేదు. ఆ తప్పు నాది, నేనే మోస్తా. నేను అడిగింది అది కాదు. నీకు తెలుసా?"

క్లైవ్ కోటు గుండీ పెట్టుకున్నాడు, విప్పుకున్నాడు. "తెలుసు," అన్నాడు చివరికి. "నాకు నది కావాలనిపించింది వెర్నా."

చాలా ఏళ్ళకి పేరు పెట్టి పిలిచాడు. ఆమె కత్తి గిన్నెలో పెట్టింది.

"ఓ పని చేద్దాం," అన్నాడతను గబగబా. "వంటింటికి ఈ ఉత్తరపు గోడ కొట్టించి పెద్ద కిటికీ పెట్టిద్దాం. రేపే రోవన్‌తో మాట్లాడతా."

"ఏ గోడ? ఇదేనా?" అని వెర్నా తన వెనక గోడ చూపించింది. "దీనికి కిటికీ పెడితే ఎండొస్తుందా క్లైవ్? నీ ట్రక్కు కనిపిస్తుంది."

అతను గోడ వంక చూశాడు. అది నిజమే. ఇల్లు కూల్చి మళ్ళీ కడితే తప్ప ఆ వంటింట్లోకి చేతికందే ఎండ రాదు. ఆ మాట ఇద్దరికీ ఒక్కసారే తట్టింది. లోపల అద్దం గోడ దగ్గర ముగ్గురు పెద్దలూ ఆహా ఓహో అంటున్నారు.

"మరేం చెయ్యమంటావు చెప్పు?" అన్నాడు.

వెర్నా ఇంకో యాపిల్ తీసుకుంది.

"పర్వాలేదు," అంది.

క్లైవ్ అలవాటు చొప్పున నది కోసం తల తిప్పాడు. షెడ్డులోంచి నది కనిపించదు.